పొగ తగ్గించబోతే అది జుబ్బాలో మిగిలింది

ప్రశ్న: మాది వరంగల్. ఏడాదిగా ఇంట్లోనే డీటీఎఫ్ ప్రింటింగ్ (బొమ్మను ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ముద్రించి, జిగురు పౌడర్ చల్లి, ఓవెన్‌లో కరిగించి, హీట్ ప్రెస్‌తో బట్టకు అంటించే పని) చేస్తున్నాం. పడగ్గది పక్కన 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గదిలో 13 అంగుళాల ప్రింటర్, చిన్న ఓవెన్, హీట్ ప్రెస్ ఉన్నాయి. పౌడర్ ట్రేలో పోసి చేత్తోనే చల్లుతాం. ప్రింటర్‌లో ఇంక్ చిమ్మే సన్నని రంధ్రాలు, అదే నాజిళ్లు, ఎండిపోకుండా తలుపులు మూసి ఏసీ వేసుకుంటాం. సాయంత్రానికి తలనొప్పి, కళ్ల మంట. ఇంక్ అమ్మినాయన 'నీళ్ల ఇంకే కదా, ఏమీ కాదు' అన్నాడు. పొగ తగ్గుతుందని ఓవెన్ వేడి 120 నుంచి 95 డిగ్రీలకు దించాం, నిజంగానే తగ్గింది. కానీ ప్రింట్లు కాస్త జిడ్డుగా ఉంటున్నాయి. పోయిన నెల ఒక బారసాలకు జుబ్బాలు వేసిచ్చాం. పాప ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు వచ్చాయని వాళ్లు ఫోన్ చేశారు. నాకు ఇప్పుడు నాలుగో నెల. మా ఆరేళ్ల బాబు హోంవర్క్ ఆ గదిలోనే చేసుకుంటాడు. అప్పు చేసి మిషన్లు కొన్నాం, పని ఆపలేం. ఏం చేయాలి?

జవాబు: ముందు ఇవాళే చేయాల్సిన పని. మీరు ఆ గదిలో పౌడర్ చల్లడం, ఓవెన్ దగ్గర నిలబడటం, నాజిళ్లుండే ప్రింట్ హెడ్ కడగడం, వేస్ట్ ఇంక్ బాటిల్ ఖాళీ చేయడం, ఈ నాలుగూ ఆపేయండి. బాబు పుస్తకాలు వేరే గదికి మార్చండి. డిజైన్లు, ఆర్డర్లు, లెక్కలు, గాలికి ఆరిన బట్టలు మడత పెట్టి ప్యాక్ చేయడం మీరు చేసుకోవచ్చు. పని ఆగదు, చేతులు మారతాయి అంతే.

ఇక 'నీళ్ల ఇంక్' సంగతి. ఆ మాట అబద్ధం కాదు, సగం నిజం. డీటీఎఫ్ ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. అయితే నాజిల్ దగ్గర ఎండిపోకుండా అందులో గ్లిజరిన్, గ్లైకాల్ లాంటి ఆలస్యంగా ఆరే ద్రవాలు కలుపుతారు. బూజు పట్టకుండా ప్రిజర్వేటివ్‌లు వేస్తారు. కొన్ని ఇంకుల్లో 2-పిరోలిడోన్ అనే ద్రావణి కూడా ఉంటుంది. ఫిల్మ్ ఓవెన్‌లోకి వెళ్లాక ముందు నీళ్లు ఆవిరైపోతాయి, తర్వాత ఈ బరువైన ద్రవాలు లేస్తాయి. బయటి చల్లగాలి తగలగానే అవి సన్నని బిందువులుగా మారతాయి. మీకు తెల్లగా కనిపించే పొగలో చాలా భాగం అదే. దాన్ని మూసిన గదిలో రోజంతా పీలిస్తే కళ్లు మండటం, తల బరువెక్కడం వింతేమీ కాదు. ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది.

ఘాటైన పొగ ఇంకొకటి ఉంది, అది వేరు. పౌడర్ అంటే పాలియురేతేన్ జిగురు. ఓవెన్ అడుగున, హీటర్ కాయిల్ మీద రాలిన పౌడర్, కారిన ఇంక్ రోజూ మాడుతూ ఉంటాయి. ఓవెన్ 120 డిగ్రీలు చూపించినా కాయిల్ అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. పాలియురేతేన్ అలా మాడి విరిగితే ఐసోసయనేట్లు అనే రసాయనాలు వెలువడవచ్చు. అవి ఉబ్బసం తెప్పించగలవు. ఒకసారి ఒంటికి పడకుండా పోయాయంటే తర్వాత కొద్దిపాటి మోతాదుకే ఊపిరి పట్టేస్తుంది. గ్లిజరిన్ మాడితే అక్రోలిన్ పుడుతుంది. నూనె మాడినప్పుడు కళ్లలో గుచ్చుకునే ఘాటు దానిదే. అందుకే రోజూ పొద్దున ఓవెన్ చల్లగా ఉన్నప్పుడే ప్లగ్ తీసి అడుగు ట్రే తుడవాలి. కాయిల్ మీద పేరుకున్నది మెత్తని బ్రష్‌తో తీయాలి. ఐదు నిమిషాల పని, దీన్ని మాత్రం వదలొద్దు.

అమ్మినాయన మాట పక్కన పెట్టి, ఇంకుకు, పౌడర్‌కు, క్లీనింగ్ సొల్యూషన్‌కు వేర్వేరుగా సేఫ్టీ డేటా షీట్ అడగండి. సరుకులో ఏముందో, ప్రమాదం ఏమిటో చెప్పే 16 భాగాల కాగితం అది. అన్నీ చదవక్కర్లేదు. 2వ భాగంలో ప్రమాద గుర్తులు, 3వ భాగంలో ఏమేం కలిశాయో, 8వ భాగంలో గ్లవ్స్, మాస్క్ వివరాలు చూడండి. ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మ కనబడితే అది ఆరోగ్యానికి తీవ్రమైన హాని చేయవచ్చన్న గుర్తు, దానితో పాటు హెచ్360తో మొదలయ్యే కోడ్ ఉంటే సంతానశక్తికి గానీ, కడుపులో బిడ్డకు గానీ హాని చేయవచ్చన్న హెచ్చరిక. 2-పిరోలిడోన్, దాని దగ్గరి బంధువు ఎన్-మిథైల్ పిరోలిడోన్ ఉన్న ఇంకుల్లో దీన్ని చూస్తాం. ఆ కాగితాలు మీ గైనకాలజిస్టుకు చూపించి, ఇన్ని నెలలు ఎలాంటి గదిలో పని చేశారో దాచకుండా చెప్పండి. 'కంపెనీ సీక్రెట్, షీట్ ఇవ్వం' అన్నవాడి దగ్గర ఇంక్ కొనకండి. ధర తక్కువైనా వద్దు.

మీరు వేడి దించిన విషయానికి వద్దాం. పొగ తగ్గింది నిజమే. కానీ ఆ ద్రవాలు ఎక్కడికీ పోలేదు, ఇంకు పొరలోనే ఉండిపోయాయి. దాని మీద పౌడర్ కరిగి మూత వేసినట్టయింది. ప్రెస్ కింద పెట్టినప్పుడు కొంత పిండుకొచ్చి బట్టలో ఇంకుతుంది, మిగతాది రోజుల తరబడి మెల్లగా ఊరుతుంది. మీ చేతికి తగులుతున్న జిడ్డు అదే. అంటే మీ ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది జుబ్బా వేసుకున్న పాప ఒంటి మీదికి చేరింది. కష్టంగా ఉన్నా ఈ మాట సూటిగానే చెప్పాలి. ఎందుకంటే ఈ పనిలో మీ రక్షణా, కొనేవాళ్ల రక్షణా ఒకే చోట ముడిపడి ఉన్నాయి: పొగ పూర్తిగా రావాలి, వచ్చినదంతా ఇంటి బయటికి పోవాలి.

వేడి మళ్లీ సరిచేయండి. చిన్న ఓవెన్లలో సాధారణంగా ఫిల్మ్ మీద 110 నుంచి 130 డిగ్రీల వేడి, 2 నుంచి 3 నిమిషాల సమయం పడుతుంది. కచ్చితమైన అంకె మీ పౌడర్ ప్యాకెట్ మీద ఉంటుంది, అదే ప్రమాణం. ఓవెన్ డిస్‌ప్లేను నమ్మొద్దు. అది సెన్సర్ ఉన్న చోట వేడి చెబుతుంది, ఫిల్మ్ ఉన్న చోటిది కాదు. తుపాకీలా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా మెరిసే ఫిల్మ్ మీద తప్పు చూపిస్తుంది. వేడికి రంగు మారే అంటుడు స్ట్రిప్‌లు దొరుకుతాయి. ఒకటి ఫిల్మ్ మధ్యలో, నాలుగు మూలల్లో నాలుగు అంటించి ఒకసారి నడపండి. మధ్యకూ మూలకూ 10 డిగ్రీలు మించి తేడా ఉంటే ఫిల్మ్‌ను సగం సమయం తర్వాత తిప్పి పెట్టాలి.

సరిగా కాలిన ఫిల్మ్‌ను ఇలా గుర్తుపట్టాలి. పౌడర్ గింజలు ఎక్కడా తెల్లగా మిగలకూడదు, పైన నారింజ తొక్క మీద ఉన్నట్టు సన్నని గతుకులతో మెరవాలి. చల్లారాక వేలు రుద్దితే తడి, జిడ్డు అంటకూడదు. ఇంకో పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. అరచేతంత ముక్క కత్తిరించి, జిప్ కవర్లో పెట్టి, గాలి పిండేసి ఒక రాత్రి ఉంచండి. పొద్దున కవర్ లోపల ఆవిరి మసక గానీ, నూనె చుక్కలు గానీ కనిపిస్తే ఇంకా కాలాలి. రోజూ మొదటి ఫిల్మ్‌తో ఈ పరీక్ష చేసి, ముక్క వెనక తేదీ, వేడి, సమయం రాసి దాచండి.

పొగను నిజంగా తగ్గించాలంటే తగ్గించాల్సింది వేడిని కాదు, ఇంకును. చాలామంది రంగుల వెనక వేసే తెల్ల ఇంకును, అంటే వైట్‌ను, అవసరానికి మించి పోస్తారు. లేయర్ మందంగా ఉంటే రంగు బాగుంటుందన్న భ్రమ. రిప్ సాఫ్ట్‌వేర్‌లో (ప్రింటర్ ఎక్కడ ఎంత ఇంక్ పోయాలో చెప్పేది) వైట్ శాతాన్ని ఐదేసి చొప్పున దించుతూ నల్లబట్ట మీద ముక్కలు వేసి చూడండి. నలుపు కనబడటం మొదలైన చోటు కంటే ఒక మెట్టు పైన ఆగండి. తెల్లబట్ట మీదికి వెళ్లే డిజైన్‌కు వైట్ ఇంకా పలచగా సరిపోతుంది. ఇంక్ తగ్గితే ఆవిరయ్యే ద్రవమూ తగ్గుతుంది, ప్రింట్ మెత్తగా ఉంటుంది, ఖర్చూ తగ్గుతుంది.

మిగిలిన పొగను బయటికి పంపాలి. నాజిళ్లకు 40 నుంచి 60 శాతం తేమ, 20 నుంచి 25 డిగ్రీల చల్లదనం కావాలన్నది నిజం. పొగకు కిటికీ తెరిచి ఉండాలన్నదీ నిజం. రెండూ ఒకే గదిలో కుదరవు, అందుకే మిషన్లను విడగొట్టాలి. ప్రింటర్ ఏసీ గదిలోనే ఉండనివ్వండి. చవకగా దొరికే తేమ మీటర్ ఒకటి తగిలించండి. తేమ తక్కువైతే హ్యూమిడిఫయర్ పెట్టుకోండి. అల్ట్రాసోనిక్ రకమైతే ఆర్‌వో నీళ్లు పోయండి, బోరు నీళ్లు పోస్తే అందులోని ఉప్పు తెల్లటి దుమ్ముగా గదంతా పడుతుంది. పౌడర్ ట్రే, ఓవెన్, ప్రెస్ మాత్రం వసారాలోకో, వెనక వాకిలి వైపు గదిలోకో మార్చండి. ప్రింట్ అయిన ఫిల్మ్‌ను ఇంకు వైపు పైకి ఉంచి పళ్లెంలో పట్టుకెళ్తే నాలుగడుగులు నడిచినా ఏమీ కాదు, ఇంకు తడి ఆరకముందే పౌడర్ పడితే చాలు.

ఓవెన్ చుట్టూ మూడు వైపులా, పైనా రేకుతో మూసేయించండి, ముందు వైపు ఒక్కటే తెరిచి ఉండాలి. ఆ తెరిచిన చోటు 24 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు అనుకుంటే రెండున్నర చదరపు అడుగులు. లోపలికి గాలి నిమిషానికి 100 అడుగుల వేగంతో లాగాలంటే నిమిషానికి 250 ఘనపుటడుగుల గాలి కావాలి. పొగ గొట్టం, అంటే డక్ట్, వంపుల్లో బలం తగ్గుతుంది కాబట్టి 350 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) పైన ఉన్న 6 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్, అంటే గొట్టం మధ్యలో బిగించేది, తీసుకోండి. డక్ట్ పొట్టిగా, వంపులు రెండుకు మించకుండా, ముడతల ప్లాస్టిక్ గొట్టం కాకుండా నున్నటి రేకు గొట్టం వేయించండి. దాని చివర పక్కింటి కిటికీ వైపు ఉండకూడదు, మీ ఏసీ బయటి యూనిట్ దగ్గరా వద్దు. గొట్టంలో జిడ్డు పేరుకుంటుంది, అది అంటుకుంటే మంట ఇంటి పైకప్పు దాకా పోతుంది. కాబట్టి నెలకోసారి విప్పి తుడవాలి.

ఫ్యాన్ పని చేస్తోందా లేదా తెలుసుకోవడానికి ఓవెన్ చల్లగా ఉన్నప్పుడు దాని నోటి ముందు జానెడు దూరంలో అగరబత్తి పట్టుకోండి. పొగ ఏ మూల నుంచైనా నేరుగా లోపలికి వంగిపోవాలి. పైకి లేచిందంటే గాలి చాలదు, లేదా లోపలికి వచ్చే గాలికి దారి లేదు. ఫ్యాన్ ఎంత లాగితే అంత గాలి ఎటు నుంచో రావాలి కదా, ఎదురు గోడ వైపు తలుపు ఒక జానెడు తెరిచి ఉంచండి.

ఓవెన్‌తో అమ్మే ఫిల్టర్ డబ్బాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అందులోని హెపా పొర దుమ్మును, బిందువులను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరిని పట్టేది యాక్టివేటెడ్ కార్బన్, అదీ నిండేదాకానే. నిండిందని ఏ దీపం వెలగదు, వాసన బయటికి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. మాస్కులదీ ఇదే కథ. ఎన్95 పౌడర్ దుమ్ముకు పనికొస్తుంది, ఆవిరికి పనికిరాదు. ఆవిరికి గోధుమ రంగు పట్టీ ఉన్న ఏ2పీ2 కాట్రిడ్జ్ మాస్క్ కావాలి. సర్జికల్ మాస్క్ రెండింటికీ దండగ. మీ వారికి హెడ్ శుభ్రం చేసేటప్పుడు, ఓవెన్ తుడిచేటప్పుడు మాస్క్ ఉండాలి. రోజంతా మాస్కుతో గడపాల్సి వస్తోందంటే మాత్రం ఫ్యాన్ పని చేయనట్టే.

పౌడర్ కొనేటప్పుడు చేత్తో చల్లేవాళ్లు మీడియం రకం, అంటే 80 నుంచి 170 మైక్రాన్లది తీసుకోవాలి. 0 నుంచి 80 మైక్రాన్ల ఫైన్ రకం సన్నగీతలకు బాగుంటుంది గానీ గాలిలో తేలుతుంది. లోతైన ప్లాస్టిక్ డబ్బాలో, మూత సగం వేసి, ఫిల్మ్‌ను లోపలే ఊపండి. దులపడం కూడా డబ్బా లోపలే. నేల మీద పడ్డ పౌడర్‌ను చీపురుతో ఊడవకండి, గాలి గన్‌తో ఊదకండి. లేచిన దుమ్ము మేఘానికి నిప్పురవ్వ తగిలితే అంటుకునే గుణం దానికి ఉంది, పక్కనే ఎర్రగా కాలే కాయిల్ ఉంది. తడిబట్టతో తుడవండి. ఇంకో విషయం, టైల్స్ మీద ఆ పౌడర్ గింజలు కాలి కింద దొర్లి జారతాయి. కడుపుతో ఉన్న మీరు అటు నడిచే దారిలో పౌడర్ గింజ ఉండకూడదు. మీ వారు పని బట్టలు ఆ గదిలోనే మార్చుకుని, మోచేతుల దాకా కడుక్కునే లోపలికి రావాలి.

హెడ్ శుభ్రం చేసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, పల్చటి పాలిథిన్ గ్లవ్స్ కావు. సిరంజి గొట్టం ఊడి ఇంకు ఎగజిమ్మడం మామూలే, కాబట్టి కళ్లద్దాలూ ఉండాలి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి డాక్టర్ దగ్గరికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా ఓవెన్ దగ్గర పెట్టొద్దు, 12 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి ఇస్తుంది, అంటే మన వేసవిలో మూత తీస్తే చాలు. ప్రెస్ తగిలి చెయ్యి కాలితే దాన్ని 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి, టూత్‌పేస్ట్, పసుపు వద్దు. ప్రెస్ సుమారు 2 కిలోవాట్లది, 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి, ఓవెన్‌కు వేర్వేరు 16 ఆంపియర్ల సాకెట్లు, సరైన ఎర్త్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. కరెంటు పోతే వెంటనే ఓవెన్ స్విచ్ ఆపి ఫిల్మ్ బయటికి తీయండి, ఎవరూ లేనప్పుడు కరెంటు తిరిగొస్తే లోపలి ఫిల్మ్ మాడుతుంది. వేస్ట్ ఇంక్‌ను బాత్‌రూమ్ కాలువలో పోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి దాచి, ఇంక్ సరఫరాదారు ద్వారానో, అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థ ద్వారానో పంపండి. ఫిల్మ్ ముక్కలను, పౌడర్‌ను తగలబెట్టొద్దు.

ఇప్పుడు ఆ పాప విషయం. వాళ్లకు ఇవాళే ఫోన్ చేయండి. జుబ్బా వేయడం ఆపమని, పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పి, డబ్బు వెనక్కి ఇచ్చేయండి. అదే వారం వేసిన మిగతా జుబ్బాలు ఎవరెవరికి వెళ్లాయో చూసి వాళ్లకూ చెప్పండి. వేసవిలో పెద్ద ప్రింట్ కింద చెమట ఆరక వచ్చిన చెమటకాయలు కావచ్చు, ఇంకు మిగుళ్లకు, ప్రిజర్వేటివ్‌కు వచ్చిన ఎలర్జీ కావచ్చు. ఫోన్‌లో ఎవరూ తేల్చలేరు. మీ దగ్గర ఆ బ్యాచ్ ముక్కలుంటే రెండు దాచండి, ఇంక్ లాట్ నంబరు, పౌడర్ లాట్ నంబరు, తేదీ రాయండి. ఇకపై ప్రతి ఆర్డర్‌కూ ఈ మూడూ రాసే అలవాటు చేసుకోండి.

పసిపిల్లల బట్టల మీద డీటీఎఫ్ అసలు వేయకూడదా అంటే, వేయవచ్చు, కానీ పెద్దల టీషర్టులా కాదు. ఆ ప్రింట్ గాలి ఆడని పొర. ఛాతీ నిండా గట్టి బొమ్మ వేస్తే పాపకు ప్లాస్టిక్ కాగితం కట్టినట్టే. ఏడాది లోపు పిల్లలకు పెద్దవాళ్ల అరచేతిలో సగం మించని బొమ్మ, అదీ మధ్యలో ఖాళీలున్న డిజైన్ వేయండి. మెడ లోపలి లేబుల్ ప్రింట్ వద్దు, అది నేరుగా ఒంటికి రాసుకుంటుంది. అంచులు సరిగా అంటకపోతే పిల్లలు నోట్లో పెట్టుకుని కొరుకుతారు, కాబట్టి ఫిల్మ్ ఒలిచాక వేసే రెండో ప్రెస్ తర్వాత ప్రతి అంచునూ గోటితో లేపి చూడాలి. ప్రెస్ అయిన బట్టను అప్పుడే కవర్లో పెట్టకుండా ఒక రోజు గాలికి వేలాడదీయండి. వేసే ముందు ఒకసారి ఉతకమని చీటీ రాసి పెట్టండి. ఇంకో సంగతి: ముడతలు పడని ఫినిష్ ఉన్న, ఇంకా ప్రింట్ వేయని బట్టలు ప్రెస్ వేడికి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వదలగలవు. ప్రెస్ పైకి లేచినప్పుడు ముక్కు మండే వాసన వస్తే ఆ బట్టల సరఫరా మార్చండి.

సర్టిఫికెట్ అంటే ఏది అడగాలో తెలుసుకోండి. బట్టలకు ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 (హానికర రసాయనాలు పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్) ఉంది, అందులో 1వ క్లాస్ మూడేళ్ల లోపు పిల్లలది. ఫార్మాల్డిహైడ్ హద్దు పెద్దల ఒంటికి తగిలే బట్టలకు కిలోకు 75 మిల్లీగ్రాములైతే, పసివాళ్లకు దాదాపు కనబడకూడదు, 16 లోపే. ఇంకులకు, రసాయనాలకు ఇచ్చేది ఎకో పాస్‌పోర్ట్. నంబరు అడిగి ఓకో-టెక్స్ వెబ్‌సైట్‌లో మీరే సరిచూడండి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను నమ్మొద్దు. ఇంకుకు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మీ జుబ్బాకు ఉన్నట్టు కాదు, సరిగా కాలని మంచి ఇంకు కూడా ఒంటికి పడదు. అమెరికాలో ఉన్న బంధువులు అక్కడ అమ్మడానికి పిల్లల బట్టలు అడిగితే వెంటనే ఒప్పుకోకండి. 2008 నాటి అక్కడి చట్టం ప్రకారం 12 ఏళ్ల వరకు పిల్లల వస్తువుల్లో సీసం 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) దాటకూడదు, బయటి ల్యాబ్ పరీక్ష, దాని మీద సర్టిఫికెట్ కావాలి. రాత్రి పడుకునే బట్టలకు మంటల నియమాలు మళ్లీ వేరు.

డబ్బు కొద్దికొద్దిగానే ఉందని తెలుసు. అందుకే వరస చెబుతున్నాం. డేటా షీట్లకు, ఓవెన్ తుడవడానికి, వేడి సరిచేయడానికి ఖర్చు లేదు, ఈ వారమే కావాలి. తర్వాత ఫ్యాన్, రేకు, డక్ట్. ఆపైన గ్లవ్స్, మాస్క్, స్ట్రిప్‌లు, ఆర్‌సీసీబీ. ఫ్యాన్ బిగించేదాకా ఓవెన్‌ను వసారాలో పెట్టి నడపండి, పొగ ఇంట్లోకి తిరగకుండా గాలివాటం చూసుకోండి. పెద్దవాళ్ల టీషర్టుల ఆర్డర్లు ఆపక్కర్లేదు, జిప్ కవర్ పరీక్ష నెగ్గిన ఫిల్మే వాడండి. పసిపిల్లల బట్టలు మాత్రం, సరిచేసిన వేడిలో వేసిన ఒక జుబ్బాను ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న టెక్స్‌టైల్ ల్యాబ్‌లో ఫార్మాల్డిహైడ్, నిషేధిత అజో రంగులు, థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు), సీసం పరీక్ష చేయించి రిపోర్టు చేతికి వచ్చాకే మళ్లీ మొదలుపెట్టండి. అప్పటిదాకా బారసాల ఆర్డర్ వస్తే జుబ్బా మీద చిన్న కుట్టుపువ్వు వేయించి ఇవ్వండి.